ఊరుకున్నా బండి రావాలి

1

ఈ పలక మందాకిని గారు ఇచ్చారు. ఇంట్లో గాలికి సంబంధించి ఏం జరిగినా ఇందులో రాయమన్నారు. నేను చదివింది ఐదో తరగతి వరకేనని మా అత్తయ్య చేత చెప్పించాను. "చాలు, ఐదో తరగతి మాటల్లోనే రాయమనండి. నాకు కావలసింది మీరు చేసే పనులు," అన్నారు ఆవిడ. అందుకని పనులే రాస్తున్నాను.

లేవగానే గరిటె కాడతో బండ మీద తట్టాను. బండ అంటే మా ఇంటి గాలి సిలిండరు. తలుపు పక్కన నిలబెట్టి ఉంటుంది, నా భుజం ఎత్తు. నిండుగా ఉంటే మొద్దుగా పలుకుతుంది. గాలి తగ్గేకొద్దీ గంటలా మోగుతుంది. దానికి గాలి ఎంతుందో చూపే ముల్లు కూడా ఉంది కానీ ఎర్రదుమ్ము చేరి ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంది. మా ఎర్రమెట్టలో ముల్లును నమ్మేవాళ్ళు లేరు. కొత్త ముళ్ళు భూమి నుంచి రావాలి. ఎప్పటికొస్తాయో ఎవరికీ తెలియదు.

తర్వాత సున్నపు జల్లెడ దులిపాను. మనం వదిలిన గాలిలో చెడును అది పట్టుకుంటుంది. చేతికి తగిలితే మంట, అందుకని పాత గుడ్డ చుట్టుకున్నాను. దీపం కింద గోంగూర మడికి నీళ్ళు చిలకరించాను. ఈలోగా మావారు చద్దన్నం తినేసి బయలుదేరారు.

మావారు గాలిబండి నడుపుతారు. నింపుడు మిషను దగ్గర నిండు బండలు ఎక్కించుకుని, ఏడు వరసలూ తిరిగి, ఇంటింటికీ కొత్తది దించి పాతది తెస్తారు. పాత బండలో సగం గాలి ఉన్నా సరే తెచ్చేస్తారు, ఎందుకంటే ఆ ఇంటికి మళ్ళీ ఎప్పుడు వెళ్ళడం కుదురుతుందో తెలియదు. సగం ఉన్న బండను నింపడం మా మిషనుకు చేతకాదు. ముందు ఉన్న గాలి వదిలెయ్యాలి. అలా ఎంత గాలి ఊరికే పోతుందో! ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మిషను ముసలిదైపోయింది, ఊరంతటికీ నింపలేకపోతోంది.

కమిటీ రెండు దారులు చెప్పింది. ఏ ఇంటికి ఎప్పుడు బండ కావాలో ముందే తెలుసుకుని, బండిని అక్కడికే పంపే ఏర్పాటు ఒకటి. దానికోసమే పెద్దపేట నుంచి మందాకిని గారిని పిలిపించారు. అది కుదరకపోతే, అన్నిటికన్నా దూరంగా ఉన్న ఏడో వరస మూసేసి, అక్కడివాళ్ళను పెద్దసాలకు మారుస్తారు.

మాది ఏడో వరస.

2

పెళ్ళికి ముందు నేను పెద్దసాలలోనే ఉండేదాన్ని. ఒకే కప్పు కింద ఊళ్ళో ఇళ్ళు లేనివాళ్ళందరం. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, మధ్యన దుప్పట్లు. జడ విప్పుకున్నా, ముక్కు చీదుకున్నా ఎవరో ఒకరు చూస్తూ ఉంటారు. ఎవరైనా పలకరిస్తే నాకు గొంతు పెగలదు. నేను మాట్లాడకపోవడాన్ని పొగరనేవాళ్ళు కొందరు, మూగదనేవాళ్ళు కొందరు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన పూట మావారు గడియ చూపించి, "ఇదిగో, నీ తలుపు. ఎయ్యి, తియ్యి, నీ ఇష్టం," అన్నారు. ఆయన బండి మీద వెళ్ళాక ఎన్నిసార్లు వేసి తీశానో. నాకంటూ ఒక తలుపు ఉండటం అదే మొదటిసారి.

ఇది గాలి సంగతి కాదని తెలుసు. కానీ ఏడో వరస మూస్తే నాకు పోయేది ఇదే, అందుకని రాశాను.

ఇవాళ మందాకిని గారు మా ఇంటికి వచ్చారు. పొట్టిగా, చురుగ్గా ఉంటారు. మాట్లాడుతూ కూడా సుద్దముక్కతో ఏదో ఒకటి గీస్తూనే ఉంటారు. మా గోడ మీద వరసగా నాలుగు గళ్ళు గీశారు. పక్కింట్లో ఉండే మా అత్తయ్య పైడమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది.

"ఏటమ్మా, గోడ మీద ముగ్గేస్తన్నావా?" అంది అత్తయ్య.

"ప్లానండీ. ముందు ఎవరికి ఏం కావాలో అడుగుతాం. అది మన చేత అవుతుందో లేదో చూస్తాం. చిన్న నమూనా పెట్టి చూస్తాం. కమిటీకి చెబుతాం. వాళ్ళు సరేనంటే అప్పుడు అసలు పని మొదలు."

"అంటే ఇంకా మొదలవలేదేటి?"

"మొదలుపెట్టే పని మొదలైందండీ."

అత్తయ్య కాసేపు ఆలోచించి, "పెళ్ళిసూపులన్నమాట," అంది.

మందాకిని గారు సుద్దముక్క పట్టుకునే నవ్వేశారు. తర్వాత నా వైపు తిరిగి, "మీకేం కావాలి రత్నం గారూ?" అని అడిగారు.

నా పేరు నూకరత్నం. నన్ను 'గారూ' అని ఎవరూ పిలవలేదు ఇంతకుముందు. నేను గోంగూర మడి వైపు చూస్తూ ఉండిపోయాను. ఆవిడ కాసేపు చూసి, ఆ గడిలో ఏమీ రాయకుండా తర్వాతి గడికి వెళ్ళిపోయారు.

3

నమూనా మా వరసలో పెట్టారు. ఇంటింటికీ ఒక చిన్న పెట్టె. దాన్ని చెవిపెట్టె అంటున్నాం. రోజూ పొద్దున్నే అది అడుగుతుంది, మనం చెబుతాం. మనం చెప్పినదాన్ని బట్టి మావారి బండి ఏ ఇంటికి వెళ్ళాలో నింపుడు మిషను దగ్గర కాగితం వస్తుంది.

పొద్దున్నే మా గోడ మీది పెట్టె, "నమస్కారం. మీ బండ ఎలా ఉంది?" అంది. మగగొంతు.

నేను గబుక్కున పమిట సర్దుకున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పెట్టె మళ్ళీ అడిగింది. "బాగానే ఉందండీ" అందామనుకున్నాను, పెదవులు కదిలాయి, మాట రాలేదు. మూడోసారి అడిగి, "జవాబు లేదు. అవసరం లేదని రాసుకుంటున్నాను," అని ఊరుకుంది.

సాయంత్రం మావారికి చెబితే పడీపడీ నవ్వారు.

"పెట్టెకి సిగ్గుపడ్డావేటే! అదేటి నీ బావా?"

"మగమనిషి గొంతు మావా."

"రేపు నాను ముసుగేసెళ్తాన్లే దానికి."

నవ్వాక ఆయనే లేచి బండ తట్టి చూశారు. ఇంకా ఉందన్నారు. పెద్ద కిటికీలోంచి పొద్దు గుంకడం చూశాం. చుట్టూ ఎర్రగా ఉండి, సూర్యుడి దగ్గర మాత్రం నీలంగా. భూమ్మీద ఇది తిరగేసి ఉంటుందని మా తాత చెప్పేవాడు.

4

మా అత్తయ్యకు పెట్టె అంటే సిగ్గు లేదు, కోపం. పొద్దున గోడ అవతల నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"నిండుకుందయ్యా," అంది అత్తయ్య.

పెట్టె ఏమందో నాకు వినపడలేదు. అత్తయ్య మాట మాత్రం బాగా వినపడింది. "సంతోషమా? నా బండ నిండుకుంటే నీకు సంతోషమా? పెట్టెవి నీకేటి తెల్సు, ఊపిరి తీస్తావా సస్తావా!"

నాకు నవ్వొచ్చింది. బండి వస్తుందిలే అనుకుని నా పనిలో పడ్డాను.

మధ్యాహ్నం కూర గిన్నె పట్టుకుని వెళ్ళాను. తలుపు తడితే పలకలేదు. నెట్టుకుని లోపలికి వెళ్ళాను. అత్తయ్య గోడకు చేరగిలబడి ఉంది. ఒళ్ళో గోంగూర కట్ట. ఒక్క ఆకు కూడా తుంచలేదు.

"అత్తా!"

"నిద్దరొస్తంది," అంది. నాలుక మడతపడుతోంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి.

గిన్నె వదిలేసి బండ మీద కొట్టాను. గుడిగంటలా మోగింది.

అత్తయ్య కింద దుప్పటి పరిచి, దొర్లించి, దుప్పటిని పట్టుకుని లాగాను. మా రెండిళ్ళకూ మధ్య నడవ ఉంది. అందులో గాలి పలచన. దాటడానికి సరిపోతుంది కానీ నిలబడి కబుర్లు చెప్పుకోవడానికి సరిపోదు. మధ్యలో నాకు కళ్ళు తిరిగాయి. ఎలా దాటానో తెలియదు. మా ఇంట్లోకి లాగి తలుపు వేసి, బండ మర పూర్తిగా తిప్పి, ఆవిడ ముఖం దాని దగ్గరే పెట్టాను. వీపు రుద్దుతూ కూర్చున్నాను.

చాలాసేపటికి పెదవులకు రంగు తిరిగింది. అత్తయ్య కళ్ళు తెరిచి, ఒళ్ళో తడుముకుని, "నా గోంగూరేదే?" అంది.

అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

5

కబురు తెలిసి మందాకిని గారు, మావారు ఒకేసారి వచ్చారు. మావారి ముఖంలో నెత్తురు లేదు. తల్లి ఇంటి ముందు నుంచే బండి తోలుకెళ్ళిపోయానని గోడకు తల ఆనించి నిలబడ్డారు. కాగితంలో ఆ ఇంటి పేరు లేదు మరి.

మందాకిని గారు పెట్టె విప్పి, పొద్దున దాచిన మాట వినిపించారు. 'నిండుకుందయ్యా' అని అత్తయ్య గొంతే.

"మీరు నిండుకుందనే చెప్పారు కదండీ," అన్నారు ఆవిడ మెల్లగా.

"అవును, నిండుకుందనే సెప్పినాను."

"మరి నిండుకుంటే బండి ఎందుకు వస్తుందండీ?"

"నిండుకుంటే రాకపోతే ఇంకెప్పుడొస్తాదమ్మా?"

"నిండుగా ఉంటే..."

"నిండుగా ఉన్నాదని నానెందుకంతాను? నిండుకుందన్నాను!"

ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, ఇద్దరికీ కోపం వస్తోంది. నేను ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తున్నాను. మావారే మధ్యలోకి వచ్చారు.

"అమ్మగారూ, నిండుకుందంటే అయిపోయిందని. ఇంట్లో మనిషి అయిపోయింది అనకూడదు కదండీ. అందుకని అలాగంతారు."

మందాకిని గారు చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేశారు.

"మా అమ్మమ్మ అనేది," అన్నారు. "బియ్యం నిండుకున్నాయి, పసుపు నిండుకుంది అని. బియ్యం అయితే నాకు తట్టేది. గాలికి కూడా అంటారని..." ఆగారు. "మా పెద్దపేటలో గాలి గొట్టాల్లో వస్తుంది. నేను పుట్టాక ఎప్పుడూ అయిపోలేదు. అయిపోని దానికి మాకు ఆ మాటతో పనే పడలేదు."

నాకు అది వింతగా తోచింది. ఊపిరి ఉన్నచోటల్లా ఈ మాట ఉంటుందనుకున్నాను. గాలి అయిపోని ఊళ్ళు ఉన్నాయని తెలుసు కానీ, ఆ ఊళ్ళలో మాటలు కూడా వేరుగా ఉంటాయని ఆలోచించలేదు.

ఆవిడ వెళ్ళేముందు అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చుని, "తప్పు నాదండీ. అడగాల్సిన పద్ధతిలో అడగలేదు," అన్నారు.

"నీ పెట్టెకి సంతోషమనడం మానిపించు ముందు," అంది అత్తయ్య.

6

మూడు రోజులుగా మందాకిని గారు మా ఇంట్లోనే పని చేస్తున్నారు. ముందు, పెట్టెకు 'నిండుకుంది' అంటే 'అయిపోయింది' అని నేర్పారు. బాగానే ఉంది. కానీ పక్కింటి పిల్లలు బండ మార్చగానే 'నిండింది' అంటారు. సున్నపు జల్లెడ పంకా తిరుగుతుంటే ఆ చప్పుడులో పెట్టెకు 'నిండింది' ఏదో, 'నిండుకుంది' ఏదో తెలియడం లేదు. ఒక్కోసారి నాకే తెలియలేదు.

కమిటీ ప్రెసిడెంటు గంగునాయుడు గారు వచ్చి చూశారు. ఆయనది చెడ్డ మనసు కాదు. అత్తయ్యకు అలా అయిందని విని రెండు పూటలు అన్నం తినలేదట.

"ఇదంతా ఎందుకమ్మా," అన్నారు ఆయన. "ఈరోజు నుంచి అందరూ ఖాళీ అనాల. ఖాళీ అంటే ఖాళీ. తగువుండదు."

అత్తయ్య లేచి నిలబడింది. "నా ఇంట్లో, నా నోటితో, ఊపిరి పీల్సే బండని పట్టుకుని ఆ మాటనాలా నాయుడూ?"

"మాటే కదా అప్పా."

"మా ఇంటాయన గనిలో పోయిన రోజు ముందుగాలే ఎవడో ఆ మాటన్నాడంట. నువ్వూ ఉన్నావు గదా ఆ గనిలో. నువ్వంతావా సెప్పు? నీ ఇంట్లో, నీ మనవడు పడుకుని ఉండగా?"

గంగునాయుడు గారు కూడా అనలేకపోయారు. టీ తాగి వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర మాత్రం మందాకిని గారితో, "సభలో తేల్చేద్దారి. ఇంకో ప్రాణం మీదకి తేలేనమ్మా," అన్నారు.

ఆయన వెళ్ళాక మందాకిని గారు మా గోడ మీది మొదటి గడి మొత్తం తుడిచేశారు. "బండ ఎలా ఉందని అడుగుతున్నాను. ఆ మాట చెప్పించాలనే కదా ఈ తిప్పలన్నీ. బండతో నాకేం పని? బండి పంపాలా వద్దా, అంతే కదా నాకు కావాల్సింది?"

"అలాగడిగితే సెప్తాను," అంది అత్తయ్య. "బండి పంపనా అంటే పంపమంతాను. అందులో ఏటుంది?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. పెట్టె ఆ సాయంత్రమే కొత్త ప్రశ్న నేర్చుకుంది. గొంతు కూడా ఆడగొంతుకు మార్చారు. నా కోసమేనని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

7

ఇవాళ పెద్దసాలలో సభ జరిగింది. చాలా రాయాలి.

మా ఊరి సభలో వరసల ప్రకారం కూర్చుంటాం. మొదటి వరస వాళ్ళు ముందు, ఏడో వరస వాళ్ళం చిట్టచివర గోడ దగ్గర. ఎదురుగా ప్రెసిడెంటు గారి బల్ల. నా పక్కన అత్తయ్య. మావారు మగవాళ్ళ వైపు. తలెత్తితే నేను పడుకునే చోటు కనిపిస్తోంది, అప్పటి మేకు ఇంకా గోడకు ఉంది, దుప్పటి కట్టుకున్నది.

మందాకిని గారు బల్ల దగ్గర నిలబడి ప్లాను చెప్పారు. ఎందుకు కావాలి, ఎవరెవరు పని చేయాలి, ముందు ఏ వరసలో, తర్వాత ఏ వరసలో. జరిగిన తప్పు కూడా దాచకుండా చెప్పారు. కొత్త ప్రశ్న చెప్పారు. బాగుందని అందరూ తలలాడించారు.

గంగునాయుడు గారు అడిగారు. "పంపమంటే పంపుతాది. వద్దంటే మానేస్తాది. ఏదీ సెప్పకపోతే?"

"మూడుసార్లు అడుగుతుంది. జవాబు రాకపోతే అవసరం లేదని..." మందాకిని గారు చెబుతూ చెబుతూ నెమ్మదించారు.

"అదే నా భయం," అన్నారు ప్రెసిడెంటు గారు. "పైడమ్మ ఆ మధ్యాన్నం పెట్టెకి జవాబు సెప్పే తీరులో ఉందా? నాకు కబురు పెట్టే పెట్టెలొద్దు, ప్రాజెట్టొద్దు. ఏడో వరస మూసేద్దారి, అందరం దగ్గరగా ఉందారి, ఒకరినొకరు సూసుకుందారి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే సెప్పండి."

ఎవరూ మాట్లాడలేదు. ముందు వరసల వాళ్ళకు పోయేదేమీ లేదు. మా వరస వాళ్ళు తలలు దించుకున్నారు. ప్రాణం మాట ఎత్తితే ఇంటి మాట ఎవరెత్తుతారు? ఆయన అటూ ఇటూ చూసి, "ఎవరూ మాట్లాడలేదు గనక అందరికీ సమ్మతమే అనుకుంటన్నాను," అన్నారు.

ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. మా ఇంట్లో, గోడ మీది పెట్టె నోటి వెంట. నేను నోరు తెరవలేకపోతే నాకు అక్కర్లేదని రాసుకుంది అది. ఇప్పుడు ఈయన కూడా అదే రాసుకుంటున్నారు.

"ఉందండి," అన్నాను.

నా పక్కనున్న అత్తయ్యకే సరిగ్గా వినపడలేదు. "ఏటే?" అంది.

"అభ్యంతరం. ఉంది."

అత్తయ్య నన్ను కొత్తగా చూసి, ముందు బల్ల మీది అప్పలనర్సమ్మ వీపు తట్టింది. "ఉందంట."

"ఉందంట," అంది అప్పలనర్సమ్మ ముందామెతో.

"ఉందంట." "ఉందంట." "ఏటుందంట?" "అభ్యంతరమంట." అలా వరస దాటి వరస ముందుకు పోయింది. బల్ల దాకా వెళ్ళి ఆగింది.

"ఎవరికంట?" అన్నారు ప్రెసిడెంటు గారు.

అది వెనక్కి వచ్చింది. "ఎవరికంట?" "ఎవరికంటే?" మళ్ళీ ముందుకు పోయింది. "పైడమ్మ కోడలికంట." "ఏటంటాదంట?"

అందరూ వెనక్కి తిరిగారు. ఊరు ఊరంతా. నేను అత్తయ్య కొంగు పట్టుకుని, దాని వంకే చూస్తూ చెప్పాను. "నేను ఊరుకున్నా బండి రావాలి."

మాట బయలుదేరింది. మధ్యలో ఎవరో దగ్గారు. ఎవరో పిల్లాడిని కసిరారు. నాలుగో వరస దగ్గర కాస్త ఆగి, మళ్ళీ కదిలింది. మొదటి వరసలోని ముసలాయన లేచి నిలబడి గట్టిగా చెప్పాడు. "ఊరుకోదంట! బండి రావాల్సిందేనంట!"

గంగునాయుడు గారు అదిరిపడ్డారు. "ఎవరూ, మన బండి కొర్లయ్య పెళ్ళామా? ఊరుకోదా? ఆ గుంటపిల్ల గొంతెలాగుంటాదో నాకింతవరకు తెల్దు!"

సాల మొత్తం గొల్లుమంది. మగవాళ్ళ వైపు నుంచి మావారు, "నాకూ మొన్న మొన్నే తెలిసిందండి!" అని అరిచారు. అందరూ ఇంకా నవ్వారు. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

మందాకిని గారు మాత్రం నవ్వలేదు. బల్ల దగ్గర నుంచి మనుషుల మధ్యగా నడుచుకుంటూ చివరిదాకా వచ్చారు. నా ఎదురుగా నేల మీద గొంతుకు కూర్చున్నారు.

"మీరేమన్నారో మీ నోటితోనే వినాలి," అన్నారు.

"ఊరుకోను అనలేదండి. ఊరుకున్నా అన్నాను." ఆవిడ ఒక్కరికే చెబుతున్నాను కాబట్టి మాట వచ్చింది. "జవాబు రాకపోతే వద్దన్నట్టు కాదండి. పడిపోయి ఉండొచ్చు. చెవుడు ఉండొచ్చు. నాలాంటి మనిషి అయ్యుండొచ్చు. నోటితో వద్దంటేనే మానాలి. ఏమీ అనకపోతే రావాలి."

ఆవిడ పెదవుల్లో ఆ మాట మళ్ళీ చెప్పుకున్నారు. తర్వాత లేచి నిలబడి, అక్కడి నుంచే, మా గోడ దగ్గర నుంచే, ప్రెసిడెంటు గారికి వినపడేలా చెప్పారు.

"వద్దంటేనే మానుతుంది. జవాబు లేని ఇంటికి అన్నిటికన్నా ముందు వెళుతుంది. మీరడిగిన దానికి ఇదీ జవాబు. రోజుకు కొన్ని ఇళ్ళకు బండి ఊరికే వెళ్ళొస్తుంది. అయినా ఇప్పుడు పోతున్న గాలితో చూస్తే అది చాలా తక్కువ."

"ఊరికే తిరిగితే నీకు పర్లేదేటిరా?" అని ప్రెసిడెంటు గారు మావారిని అడిగారు.

"మనిషి బాగుందని సూసొస్తే ఊరికే తిరిగినట్టెలాగవుతాది బాబూ," అన్నారు మావారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

గంగునాయుడు గారు చాలాసేపు గెడ్డం నిమురుకున్నారు. అత్తయ్య ఉండబట్టలేక, "ఇదేటి నాయుడూ, నువ్వూ పెట్టెలాగే అయిపోనావు, జవాబు సెప్పవు!" అంది.

"ప్లాను మొదలెట్టండి," అన్నారు ఆయన. "ఏడు వరసల్లోనూ అడగండి. పనంతా అయి, నాకు నమ్మకం కుదిరేదాకా ఏడో వరస మూసే మాట లేదు. సమ్మతమేనా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆయన 'అయితే' అనబోయి, నాలుక కరుచుకున్నారు. "ఒకటో వరసా, నోటితో సెప్పండి."

"సమ్మతమే!"

"రెండూ?"

అలా ఏడో వరస దాకా అడిగారు. మా వంతు వచ్చినప్పుడు అందరితో కలిసి నేనూ అన్నాను. అంత మంది గొంతుల్లో నా గొంతు ఎవరికీ వినపడి ఉండదు. నాకు మాత్రం వినపడింది.

ఇంటికి రాగానే తలుపు వేసి గడియ పెట్టాను. మావారు బయటే ఉండిపోయారని తర్వాత గుర్తొచ్చింది.

8

ప్లాను కాగితం మొదటి పేజీ మందాకిని గారు చూపించారు. పెద్ద పెద్ద మాటలు చాలా ఉన్నాయి, కొన్ని చదవలేకపోయాను. ఇళ్ళకు వెళ్ళి అడిగేవాళ్ళ పేర్లలో నాది కూడా ఉంది. ఆవిడ దగ్గరుండి నేర్పుతారు, వరసకు ఒకరం వెళ్ళాలి. నన్ను మూడో వరసకు వేశారు. నేను గోడ వంక చూశాను. "నోటితో వద్దంటేనే మానుతాను," అన్నారు ఆవిడ. వద్దని నేను అనలేదు.

ఇవాళ మొదటి ఇల్లు. తలుపు తీసింది ఒక కొత్త పెళ్ళికూతురు. చేతులకు ఇంకా పసుపు ఉంది. పేరు సత్యవేణి అని పక్కింటివాళ్ళు చెప్పారు. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు చాటుకు జరిగింది.

నేర్పినట్టే అడిగాను. "ఇంట్లో గాలి గురించి మీకేం కావాలో చెబుతారా?"

ఆమె తన గోంగూర మడి వైపు చూస్తూ నిలబడింది.

నా పలక మీద గడి తెరిచి ఉంది. ఏమీ రాయలేదు. తర్వాతి ఇంటికీ వెళ్ళలేదు. "పర్వాలేదు, నేను ఉంటాను," అని చెప్పి, గుమ్మం లోపల పీట కనిపిస్తే దాని మీద కూర్చున్నాను. ఆమె తలుపు వేసింది. సున్నపు జల్లెడ పంకా చప్పుడు చేస్తోంది. పొయ్యి మీద పప్పు పొంగితే ఆమె వెళ్ళి మూత తీసి వచ్చింది. ఆ పక్కనే నేలమీద కూర్చుని, చేటలో ఆకు పోసుకుని తుంచడం మొదలుపెట్టింది. నేనూ ఒక గుప్పెడు తీసుకుని తుంచాను.

చేట సగమయ్యాక, తలెత్తకుండా, "ఆ పెట్టె ఆయనుండగా అడగకూడదండి. ఆయనెళ్ళాక అడిగితే సెప్తాను," అంది.

అది రాసుకున్నాను.